మూడో పిస్టల్

మా పెదనాన్న ఎడ్‌మండ్ వీగాండ్ ఏ వస్తువు చేతికొచ్చినా ముందు బొటనవేలితో తడిమేవాడు. రొట్టె ముక్కనైనా, తలుపు గడియనైనా, చర్చిలో పాటల పుస్తకం అట్టనైనా. గరుకు ఎక్కడుందో ఆ వేలికి ముందు తెలిసేది, కళ్ళకు తర్వాత. హుల్డా పెద్దమ్మ నవ్వేది. "నాకు ఉంగరం తొడిగిన రోజు కూడా నా మొహం చూళ్ళేదమ్మా ఈయన. ఉంగరం అంచు తడుముతూ నిలబడ్డాడు. పాదిరీ దగ్గాడు పాపం, ఇక కానివ్వండని."

జర్మనీలో మా జూల్ లోయలో మగపిల్లలు తుపాకీలో ఏదో ఒక ముక్కకు పుడతారు. కొందరు గొట్టానికి, కొందరు కొయ్య పిడికి, కొందరు స్ప్రింగుకు. వీగాండ్ల ఇంట్లో మెరుగుకు పుట్టారు. పెదనాన్న తాత, తండ్రి, ఆయన, ఆయన కొడుకు ఎవాల్డ్. మా నాన్న కూడా ఆ పనికే పుట్టాడు గానీ మొదటి యుద్ధం ఆయన్ను మెరుగు చక్రం ముందు నుంచి లాక్కుపోయి ఫ్రాన్సు మట్టిలో కప్పింది. ఆ తర్వాత చలికాలంలో అమ్మ జ్వరంతో పోయింది. నన్ను పెదనాన్న తెచ్చుకున్నాడు. ఎవాల్డ్ నా తర్వాత పుట్టాడు. నా గౌను అంచు పట్టుకుని నడక నేర్చాడు. పెద్దయ్యాక వాడు తండ్రి పక్కన మెరుగు షెడ్డులో, నేను ఆ గోడకు ఇవతల నీలిగదిలో.

మెరుగు పెట్టిన ఉక్కు మా గదిలోకి వెండిలా వచ్చేది. దానికి ఆమ్లం పూసి, తడిగాలి నింపిన అల్మారాలో పెట్టి తుప్పు పట్టించేవాళ్ళం. తుప్పు ఎర్రగా, మెత్తగా, నక్క బొచ్చులా లేచేది. మరిగే నీళ్ళలో ముంచితే ఆ ఎరుపు నలుపయ్యేది. ఇనుప పీచుతో తోమి మళ్ళీ పూత, మళ్ళీ తుప్పు, మళ్ళీ మరుగు. చివరికి ఉక్కు మీద ఒక రంగు దిగేది. నలుపనలేం, నీలమనలేం. వాన వెలిసిన సాయంత్రం ఫిర్ చెట్ల వెనక ఆకాశం కాసేపు నిలుపుకునే రంగు. కాని ఆ రంగుకు దాచడం తెలియదు. కింద గీత ఉంటే గీతనే ఎత్తి చూపిస్తుంది. మా గది గొప్పంతా గోడ అవతలి వాళ్ళ దయ.

యుద్ధానికి ముందు, పూర్తయిన పిస్టల్‌ని కిటికీ దగ్గర పట్టుకుంటే దాని పక్క మీద కిటికీ చువ్వలు నిటారుగా కనబడేవి. చువ్వల వెనక కొండ, కొండ మీద చెట్ల మొనలు. అంచులు అంచుల్లా ఉండేవి. తొందరపడే మెరుగువాడు అంచుల్ని తినేస్తాడు, చెక్కిన అక్షరాల లోతుని తినేస్తాడు. చూడ్డానికి తళతళలాడుతుంది, వేలు పెడితే వాడిన సబ్బు ముక్కలా ఉంటుంది. పెదనాన్న మేస్త్రీగా ఉన్న షెడ్డులోంచి సబ్బు ముక్క ఒక్కటీ బయటికి రాలేదు.

సైన్యం రష్యాలోకి వెళ్ళిన ఏడాది నుంచి ఆ కిటికీ వంకరపోయింది. చువ్వలు నీళ్ళలో ముంచిన కర్రల్లా వంగాయి. పక్కలు మాత్రం రుద్దండి, మూలలు వదిలేయండి అని ఆఫీసు చెప్పింది. మా తుప్పు అల్మారాలు పోయి వేడి ఉప్పు తొట్టి వచ్చింది. ముంచి తీస్తే చాలు, మాల్టు కాఫీ మరకలాంటి పల్చటి నలుపు. ఆ పై ఏటికి పిస్టల్‌లో కిటికీయే లేదు. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియని వెలుతురు మాత్రం మిగిలింది. ఆ పిస్టళ్ళు ఎవరి మెడల వెనక ఆనుతున్నాయో మాలో ఎవరం అడగలేదు. మెరుగు తగ్గిపోతోందని మాత్రం దిగులు పడ్డాం.

ఆ దిగులుకు ఇంకో పేరు ఎవాల్డ్. వీడు లేకపోతే పని ఆగుతుంది అని ఫ్యాక్టరీ రాసిచ్చిన వాళ్ళను సైన్యం వదిలేసేది. మెరుగులో ఒక్కో మెట్టు తీసేసినప్పుడల్లా షెడ్డులో కొన్ని చక్రాలు ఆగేవి. ఆగిన చక్రం వెనక నిలబడ్డ మనిషి కొద్ది రోజుల్లో తూర్పున యుద్ధానికి రైలెక్కేవాడు. సాయంత్రం ఎవాల్డ్ గుమ్మంలో కాలు పెట్టగానే పెద్దమ్మ అడిగే మాట ఒకటే.

"తిరిగిందా?"

"తిరిగిందమ్మా."

అప్పుడు పొయ్యి మీద గిన్నె పెట్టేది.

నలభై మూడు శరదృతువులో మేనేజరు పెదనాన్నను పిలిపించాడు. సైన్యం తరఫున ఒక మేజర్ వస్తున్నాడు. బల్ల మీద మూడు పిస్టళ్ళు పక్కపక్కన పెట్టాలి. మొదటిది యుద్ధానికి ముందుది. రెండోది ఇప్పుడు చేస్తున్నది. మూడోది అసలు మెరుగే లేకుండా, ఉక్కు కోసే మిల్లింగ్ మిషన్ మీద నుంచి దించి నేరుగా తొట్టిలో ముంచింది. మూడోది చాలని మేజర్ అంటే మెరుగు షెడ్డుకు తాళం.

"మూడోది నువ్వే తయారు చెయ్యి ఎడ్‌మండ్," అన్నాడట మేనేజరు, మొహం కిటికీ వైపు తిప్పుకుని. "ఎలా ఉండాలో నేను చెప్పను. దాన్ని చూసి ఆయనకు వాంతి వస్తే మాత్రం నేనేం ఏడవను."

మధ్యాహ్నం నేను ఎవాల్డ్‌కి రొట్టె తీసుకెళ్ళేసరికి షెడ్డంతా ఆ మాటే. చక్రాలు ఆగి ఉన్నాయి. ఉక్కును రుద్దే ఎమెరీ పొడి గాలిలో ఇంకా దిగుతూనే ఉంది.

"అసహ్యంగా చెయ్యాలా? అదెంత పని!" అన్నాడు కాస్పర్. ఎవాల్డ్ పక్క చక్రం అతనిది, నోరు ఊరికే ఉండదు. "మా అత్తగారిని తీసుకొచ్చి కూర్చోబెడతాను మేస్త్రీ. ఆమెను చూస్తూ చెక్కేయండి."

"మీ అత్తని చూస్తే మేజర్ గుండె ఆగి పోతాడురా," అన్నాడు ఎవాల్డ్. "ఆ నేరానికి మనందర్నీ కాల్చేస్తారు."

"తిండి తినండ్రా," అన్నాడు పెదనాన్న.

"నవ్వులాట కాదు మేస్త్రీ. మొండి కటర్‌తో కోయించండి. ఉక్కు చీరుకుపోవాలి. పిల్లి రక్కినట్టుండాలి. చేత్తో పట్టుకున్న సిపాయి మన అమ్మానాన్నల్ని తలుచుకోవాలి."

"అర్థమైందిలే."

"అర్థమవడం వేరు. మీ చెయ్యి సంగతి మాకు తెలియదా?"

ఎవాల్డ్ రొట్టె నములుతూ తలెత్తాడు. "పోనీ నేను చెయ్యనా నాన్నా?"

"వద్దు. కావాలని పాడుచేశాడని ఎవడైనా అంటే?" అన్నాడు పెదనాన్న. "నా వయసువాణ్ణి ఓ తిట్టు తిట్టి వదిలేస్తారేమో. నిన్ను వదలరు."

ఆ వేసవిలో లేతు షెడ్డులో ఒకణ్ణి గొట్టాలు పాడుచేశాడని తీసుకుపోయారు. అతని టోపీ ఇంకా అక్కడ మేకుకే ఉంది. తీయడానికి అందరికీ భయం.

మర్నాడు పెదనాన్న మిల్లింగ్ షెడ్డుకు వెళ్ళాడు. మిషన్ల దగ్గర తూర్పు ఆడవాళ్ళు నిలబడేవాళ్ళు, రొమ్ము మీద గుడ్డ బిళ్ళ కుట్టుకుని. సైన్యం తూర్పున పట్టుకున్న ఊళ్ళ నుంచి పశువుల రైలుపెట్టెల్లో తోలుకొచ్చినవాళ్ళు, ముళ్ళకంచె లోపల పడుకునేవాళ్ళు. అందులో స్తెఫా అనే అమ్మాయి పిస్టల్ స్లైడ్లు కోసేది. స్లైడ్ అంటే పేల్చినప్పుడు పైన వెనక్కి జారే భాగం, పిస్టల్‌కు మొహం లాంటిది. అరిగిపోయిన కటర్‌తో ఒకటి కొయ్యమన్నాడు పెదనాన్న.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు మేస్త్రీ. నేను పాడు చెయ్యను. నేను మంచిగా చేస్తాను."

"పాడుగానే కావాలి."

"వద్దు. నన్ను తీసుకుపోతారు."

తనకు ఉచ్చు బిగిస్తున్నాడనుకుంది. చివరికి పెదనాన్నే హాండిల్ తిప్పి కోశాడు. ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ఆ స్లైడ్‌ని ఆయన నా దగ్గరికి తెచ్చాడు. నిజంగానే పిల్లి రక్కినట్టుంది. ఉక్కు అక్కడక్కడ పొలుసుల్లా లేచి ఉంది. నాకు ఎంత సంతోషమైందో. "ఎంత పాడుగా ఉందో పెదనాన్నా!"

ఆయన బొటనవేలు అంచు మీద నడిచింది. ఆగింది. వేలి మీద చిన్న నెత్తుటి చుక్క పొడిచింది.

"పట్టుకున్నవాడి చెయ్యి కోస్తుంది ఇది," అన్నాడు.

"కోయనీ."

"ఆ అంచు ఒక్కటి తీస్తాను. మిగతాదంతా అలాగే ఉంటుంది."

ఆకురాయి తీశాడు. అంచు మీద ఒక వాటు. అవతలి అంచు మీద ఇంకోటి, ఇటు ఒకలా అటు ఒకలా ఉండకూడదు గదా. అంచు తీశాక దాని పక్కన లేచిన పొలుసు ఒంటరిగా నిలబడింది. దాన్ని నొక్కాడు. నొక్కిన చోట గీత అడ్డంగా పడింది. దాన్ని నిలువు చేశాడు. వెలుతురు తగ్గుతోంది. కొండ మీద నుంచి పొగమంచు కిటికీ దాకా వచ్చి లోపలికి చూస్తోంది. ఆకురాయి చప్పుడు, నిద్రలో ఎవరో గుసగుసలాడుతున్నట్టు. ఆయన దానికి మెరుగు పెట్టలేదు. ప్రమాణం చేసి చెప్తాను, ఒక్క చోట కూడా మెరుపు లేదు. గీతలన్నీ ఉన్నాయి. కాని పడుకోబోయే ముందు ఆడపిల్ల జుట్టులా, అన్నీ ఒక వైపుకు దువ్వి ఉన్నాయి.

అప్పుడు నేనది గమనించలేదు. నాకు గీతలే కనిపించాయి. తొట్టిలో ముంచి తీసి, పిస్టల్‌కు బిగించి షెడ్డులోకి పట్టుకెళితే మగవాళ్ళందరూ మొహాలు తిప్పుకున్నారు.

"ఛీ!" అన్నాడు కాస్పర్ ఆనందంగా. "అద్భుతం మేస్త్రీ! మా కుక్క కూడా దీన్ని నోట కరవదు."

"నాన్నా, నువ్వేనా చేసింది?" అని ఎవాల్డ్ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. "ఇది మనింట్లో చేశారని తాతకు తెలిస్తే సమాధిలో బోర్లా తిరుగుతాడు."

పెదనాన్న సిగ్గుతో తల వంచుకున్నాడు. ఇంతకన్నా తలవంపు ఉండదని ఆయన నిజంగా నమ్మాడు. అందరమూ నమ్మాం. పుట్టినప్పటి నుంచి అద్దాలు చూసిన కళ్ళు మావి. గీత అంటూ ఉంటే చాలు, అది మాకు కుష్ఠు మచ్చే.

కోసిన స్లైడ్ల తట్ట మోసుకుంటూ స్తెఫా అటుగా వచ్చింది. బల్ల మీది పిస్టల్‌ని చూసి ఆగింది. ఇది నిన్నటి స్లైడేనని పోల్చుకుంది. భయం తీరిపోయిన మొహంతో పెదనాన్న వైపు తిరిగి, "బాగు చేశావు మేస్త్రీ," అంది. "మంచిగా ఉంది."

"ఈ పిల్లకి ఇది మంచిదట!" అన్నాడు కాస్పర్. షెడ్డంతా విరగబడి నవ్వింది. ఎవాల్డ్ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. వాడు అలా నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

మేజర్ పొడుగ్గా, అలసటగా ఉన్నాడు. చొక్కా ఎడమ చెయ్యి ఖాళీగా జేబులోకి దోపి ఉంది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద మూడు పిస్టళ్ళూ నేనే నూనె తుడిచి పెట్టాను. అంచేత గోడ పక్కన నిలబడి అంతా విన్నాను.

మొదటిది ఎత్తాడు. అందులో తన మొహం తనకు కనబడింది కాబోలు, కాసేపు చూస్తూ ఉండిపోయాడు. "మా నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేది. అందం. మంచులో ఇలా మెరిస్తే అవతలి వాడు మైలు దూరం నుంచి గురి పెడతాడు." కింద పెట్టాడు.

రెండోది ఎత్తాడు. "దీనికి మొదటిదానిలా ఉండాలని ఆశ. అవలేకపోయింది. పక్కలకు సున్నం కొట్టి మూలలు వదిలేసిన ఇల్లులా ఉంది."

మేనేజరు దగ్గాడు. మూడోది ఎత్తి, మేజర్ దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. పిడికిలి బిగించాడు. ఆ చేతి చూపుడు వేలితోనే స్లైడ్ మీద మెల్లగా గీశాడు, వెనక నుంచి ముందు దాకా.

"ఇది వేషం వెయ్యదు," అన్నాడు. "చేతికి అంటుకుని ఉంటుంది, జారదు. గీతలన్నీ ఎంత కుదురుగా ఉన్నాయో చూడండి. ఇది మెరుగు లేకుండానేనా?"

"మెరుగు లేదండి," అన్నాడు మేనేజరు, పెదనాన్న వైపు చూడకుండా.

"చేసింది ఎవరు?"

"నేను," అన్నాడు పెదనాన్న. "సార్, అది మిషన్ మీద నుంచి అలా రాదు. అంచులు నేను చేత్తో తీశాను. చాలా సేపు పట్టింది. ప్రతిదానికీ అలా చెయ్యాలంటే మనుషులు కావాలి. చెయ్యి తెలిసిన మనుషులు..."

"అంచు తీయడానికి చెయ్యి తెలియాలా? ఆ తూర్పు ఆడవాళ్ళకి తలా ఒక ఆకురాయి ఇవ్వండి." మేజర్ పిస్టల్‌ని గుడ్డ మీద పెట్టాడు. ముసలివాణ్ణి మెచ్చుకోవాలనిపించిందేమో, భుజం తట్టాడు. "శుభ్రమైన పని మేస్త్రీ. ఇది చాలు."

ఆ సాయంత్రం ఎవాల్డ్ గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దమ్మ అడగలేదు. మా మొహాలు చూసి కూర్చుండిపోయింది.

"మూడోది ఎవరు చేశారు?" అంది.

"నేనే," అన్నాడు పెదనాన్న.

"పాడుగా చెయ్యమన్నారు గదా."

"చేశాను. అంచు కోస్తుంటే..."

"భయపడ్డావా? తీసుకుపోతారని భయమేసిందా?" ఆమె గొంతు మెత్తగా ఉంది. "చెప్పు. భయమేసిందని చెప్తే నేను ఏమీ అనను."

ఆ మాట ఆయనకు తలుపు తెరిచి పట్టుకుంది. లోపలికి వెళ్ళి కూర్చుంటే సరిపోయేది.

"భయం కాదు హుల్డా," అన్నాడు.

పెద్దమ్మ లేచి గిన్నెలో ఉడికిన టర్నిప్ ముక్కలు నాలుగు కంచాల్లో వడ్డించింది. అందరికన్నా ఎక్కువ ఎవాల్డ్‌కి. ఎవరం తినలేదు, వాడు తప్ప. వాడు అమ్మ కోసం అంతా తిన్నాడు.

క్రిస్మస్ చెట్లు కొట్టే రోజుల్లో షెడ్డువాళ్ళందరూ రైలెక్కారు. స్టేషన్‌లో పెదనాన్న ఎవాల్డ్ కోటు గుండీలు పెట్టాడు, వాడు చిన్నపిల్లవాడైనట్టు. ఎవాల్డే నా వైపు వంగి, "అక్కా, ఆయన్ని ఇంట్లో ఒంటరిగా ఉంచకు," అన్నాడు. రైలు వెళ్ళాక పెద్దమ్మ మాకు ముందు నడిచింది. పెదనాన్న ఆమెను అందుకోబోయి, మళ్ళీ అడుగు తగ్గించుకున్నాడు.

ఆ తర్వాత మా గదిలోకి వచ్చిన పిస్టళ్ళు ఏవీ ఆ మూడోదానిలా లేవు. తూర్పు ఆడవాళ్ళకు ఆకురాళ్ళూ ఇవ్వలేదు, అంచులు తీసే తీరికా ఇవ్వలేదు. అవి పెదనాన్న మొదట కోసుకొచ్చిన ఆ స్లైడ్‌లాగే వచ్చాయి, చీరుకుపోయి, పొలుసులు లేచి, పట్టుకుంటే చెయ్యి కోసేలా. ముంచి తీసి పెట్టెల్లో సర్దేవాళ్ళం. ఒక్కటీ వెనక్కి రాలేదు. వాంతి వస్తుందని మేనేజరు ఆశపడ్డ ఆ పిస్టల్‌ని సైన్యం అలాగే తీసుకుంది, చివరి రోజు దాకా. అలాగైతే ఆ బల్ల మీద ఏది పెట్టినా ఇదే జరిగేదని నేను పెదనాన్నకు చెప్పి చూశాను.

"ఏమో," అన్నాడాయన. "అంచు తియ్యనిదాన్ని చూపించలేదు గదా."

ఎవాల్డ్ నుంచి ఒక ఏడాది ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. వసంతంలో అమెరికన్లు వచ్చి పిస్టళ్ళు జ్ఞాపకానికని జేబుల్లో వేసుకుపోయారు. వేసవిలో రష్యన్లు వచ్చి మిషన్లను విప్పి బండ్లకెక్కించారు. మెరుగు చక్రాలు కూడా పోయాయి. ఖాళీ షెడ్డులో నేల మీద ఎమెరీ పొడి గుండ్రటి మచ్చలుగా మిగిలింది, ఒక్కో మనిషి నిలబడ్డ చోట ఒక్కోటి.

ఆ తర్వాతి ఏడు కాస్పర్ వచ్చాడు, చంక కింద కర్రతో. షెడ్డులో తిరిగొచ్చింది అతనొక్కడే. పెద్దమ్మ మాల్టు కాఫీ పోసి, పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ వింది.

"పోలండులో విశ్చులా నది దగ్గర, జనవరిలో," అన్నాడు కాస్పర్. "పొద్దున్నే ఫిరంగులు మొదలయ్యాయి. అందరం పరిగెత్తాం. ఎవాల్డ్ నా వెనకే ఉన్నాడు. వెనక్కి చూసేసరికి మంచు ఒక్కటే ఉంది."

పెదనాన్న బల్ల మీదకు చూస్తున్నాడు.

కాస్పర్ కర్రను అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. "ఒక మాట చెప్పాలి మేస్త్రీ. వెళ్ళేటప్పుడు రైల్లో ఒకడు మిమ్మల్ని తిట్టాడు. పెద్ద తిట్టే. ఎవాల్డ్ వాణ్ణి కొట్టలేదు. ఒకటే అడిగాడు. మీలో ఎవడి చేతికి ఇచ్చినా అంచు తియ్యకుండా ఇచ్చేవాడా, చెప్పండి అని. బండిలో అందరం మెరుగువాళ్ళమే. ఒక్కడూ నోరెత్తలేదు."

పెదనాన్న తలెత్తాడు. రైలు వెళ్ళిన రోజు నుంచి ఆ కళ్ళు అలా ఎత్తి చూడటం నేనెరగను. "ఒక్కడూనా?"

"ఒక్కడూ లేడు మేస్త్రీ. నేను కూడా."

పెద్దమ్మ కత్తి ఆగింది.

"నేను ఇచ్చేదాన్ని," అంది. గొంతు పెంచలేదు. "వాకిట్లో రాయికేసి గీకి, ఆ మేజర్ చేతిలో పెట్టేదాన్ని. నన్నెవరూ అడగలేదు."

కాస్పర్ కప్పు కింద పెట్టాడు. బయట ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు. పెదనాన్న ఆమె వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా తలూపాడు.

"అవును హుల్డా," అన్నాడు. "నువ్వు ఇచ్చేదానివి."